దేవానందం జీపుకు రెండు తీర్ల టైర్లు

దేవానందం సచ్చిపోయినంక చర్చిల కూడిక పెట్టిండ్రు. పాస్టరు నా దిక్కు జూసి, జంగయ్యా, నువ్వు ఆయనతోటి గుట్ట మీద గిన్నేండ్లు పన్జేస్తివి గద, రెండు మాటలు చెప్పు అన్నడు. లేసి నిలవడ్డ. మంచోడు అందామంటె నాకన్న ముందుగాల అందరు గదే చెప్పిండ్రు. ఎక్కువ మాట్లాడకపోతుండె అందామంటె అది గూడ అయిపోయింది. నా మతిల టైర్ల ముచ్చట మెదిలింది. గని చర్చిల నిలవడి టైర్ల ముచ్చట ఎట్ల చెప్పాలె? అవును, మంచోడే అని కూసున్న. ఇంటికొచ్చినంక గూడ గా టైర్లు నన్ను ఇడుస్తలేవు. గప్పుడు నాకు సమజ్ గాలే. గిప్పుడు గూడ సగమే అయింది.

దేవానందం పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎల్లయ్య. నల్లగొండ దిక్కు ఊరు. నాయిన ఎడ్లబండి తోలేటోడు. తల్లి సచ్చిపోయి తిండి లేని ఏడు మిషన్ వాళ్లు తీస్కపోయి బువ్వ బెట్టి, పేరు మార్చిండ్రు. గా పేరు ఆయన అడిగింది గాదు. మిషన్ దవాఖానకు జీపుంటె దాన్ని నడుపుడు నేర్పిండ్రు. అది గూడ ఆయన అడగలే. పెండ్లీడు రాంగనే పాదిరి సారు ఎలీశమ్మను చూపెట్టి, గీ పిల్ల అంటె, మంచిదండి అన్నడు. కొన్నేండ్లకు దవాఖానోళ్లు జీపు అమ్మిండ్రు. కొన్నది కృష్ణాజిల్లకెళ్లి ఒచ్చిన పట్టాభి సారు. డ్రైవరెవరని సారు అడిగితె దేవానందం ఆడనే నిలవడి ఉండె. జీపుతోటి నన్ను గూడ అమ్మిండ్రు అని చెప్పి నవ్వెటోడు. ఛాయ్ హోటల్ల కూసుంటె పక్కోడు ఏం చెప్తె ఆయనకు గూడ అదే. ఓసారి నేను కావాలని ఏం చెప్పకుంట కూసున్న. ఇద్దరం ఛాయ్ తాగకుంటనే ఇంటికొచ్చినం.

పట్టాభి సారు బునాది రాయి కంట్రాక్టరు. దిల్‌సుక్‌నగర్ల గప్పుడే పొలాలు పోయి ప్లాట్లు పడ్తుండె. సారు ఇల్లు ఆడనే. మా రాతి గుట్ట నాదర్‌గుల్ పోయే దారిల ఉండె. మేము ముప్పై మందిమి, ఆడోళ్లు మొగోళ్లు కలిసి. రాయిని లారీలు మోస్తుండె గని మాకు ప్రాణం జీపే. తాగే నీళ్ల డ్రమ్ములు దాంట్లనే రావాలె, సాన పట్టిన ఉలులు దాంట్లనే రావాలె. జీపు రాని దినం పని లేదు, కూలి లేదు, ఇగ చెప్పేదేముంది.

ఇంకొక్క సంగతి. జీపు పాత టైర్లు కూలోళ్లయి. గిది సారు పెట్టింది గాదు, మేము పెట్టింది గాదు, అట్ల నడుస్తుండె. కొత్తయి ఏసినప్పుడల్ల పాతయి సరూర్‌నగర్ల చెప్పులు కుట్టేటాయన దగ్గర ఏస్తె కోసి చెప్పులు చేసిస్తడు. గుట్ట మీద రాతి చిప్పలకు తోలు చెప్పు నెల గూడ నిలవది. అందుకె మా ముప్పై మంది గా జీపు అరగదొక్కిన టైర్ల మీదనే నడుస్తుంటిమి.

అరవైతొమ్మిదిల గడబిడ మొదలయింది. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు సడకుల మీదికొచ్చిండ్రు. బడులు బందు, బస్సులు బందు. ఎలీశమ్మ తమ్ముడు తీతు పీయూసీ సదివి, నౌకరి దొరకక అక్క ఇంట్లనే ఉంటుండె. మన నౌకర్లు ఆంధ్రోళ్లు తీస్కుంటున్నరు, వాళ్లు పోవాలె అని తీతు చెప్తుంటె నాకు నిజమే అనిపిస్తుండె. పొద్దుగాల గుట్టకు పోయి పట్టాభి సారు ముంగట కూలికి నిలవడితె, ఈన పోతె మనకెట్ల అనిపిస్తుండె. ఒక్కటే తలకాయల రెండు ఎట్ల పడ్తయి? ముత్తమ్మను అడిగిన. ముత్తమ్మ మా గుట్ట మీద రాయి మోసే ముసలామె. నీ తలకాయల జాగ మస్తున్నది, రెండు పడ్తయి తియ్యి అన్నది.

వానలు షురువయ్యే ముంగట జీపు టైర్లు అయిపోయినయి. రబ్బరు కింద దారాలు తేలినయి. దినానికో పంచరు. పట్టాభి సారు ఓనాడు దేవానందంను పిలిచి కొత్తయి ఏపిచ్చుకరమ్మన్నడు. ఎసొంటియి తేవాలె సార్ అని ఈన అడిగిండు.

అడుగుడు వట్టిగ గాదు. జీపుకు రెండు తీర్ల టైర్లుంటయి. ఒకటి గీతల టైరు. నున్నగ, నిలువు గీతలుంటయి. తారు సడకు మీద సప్పుడు లేకుంట పోతది, ఎంత దూరమైన పోతది. గుట్ట దారి బురదల పడ్డదంటె మాత్రం ఉన్న కాడనే తిరుగుతది. రెండోది పండ్ల టైరు. ట్రాక్టర్ది లెక్క ఇంతింత రబ్బరు పండ్లుంటయి. బురదల నుంచి గుంజుకొస్తది. తారు మీద దూరం పోతె ఒకటే మోత, లోపట కూసున్నోళ్ల నడుములు పడిపోతయి, పండ్లు గూడ అరుగుతయి. ఒక్కసారి ఏస్తె రెండు మూడేండ్లు అవ్వే. అంటె సారు గీతలయి ఏపిస్తె ఈడ అన్ని ఇడిసిపెట్టి బెజవాడ పోతున్నట్టు. పండ్లయి ఏపిస్తె గుట్ట నడుస్తున్నట్టు. దేవానందం టైర్లు అడగలే, తన నౌకరి ఉంటదా పోతదా అని అడిగిండు.

సారు ఏమన్నడో దేవానందం నాకు ఉన్నదున్నట్టు చెప్పిండు.

"రోడ్డు సంగతి నాకేం తెలుసయ్యా. నడిపేది నువ్వు. నీకు తోచినవి వేయించుకురా."

అని లోపటికి పోయిండంట. దేవానందం నా గుడిసెకొచ్చి అరుగు మీద కూసున్నడు. ఇగ అన్నడు.

"నాకేం తోస్తది జంగయ్యా? నాకు ఎన్నడన్న తోచిందా?"

నేను పండ్లయి తే అన్న. గుట్టోళ్లం ఎవలను అడిగినా గదే చెప్తం.

మల్ల ఆయనింట్ల ఒక పంచాయితి. ఎలీశమ్మ వదినె గూడ పండ్లయే అన్నది. గీతలయి ఏస్తివంటె నీ చేతులార నౌకరిని సాగనంపినట్టే అన్నది. తీతు మాత్రం గీతలయే ఏయి బావా, వాళ్లను జల్ది పోనీ అన్నడు. వదినె బువ్వ పెట్టుకుంటనే, వాళ్లు పోతె నీకు నౌకరొస్తది గద, ఏ దినం ఒస్తదో చెప్పు, గప్పటిదాక పొయ్యి ముట్టియ్య అన్నది. తీతు తలకాయ వంచుకొని తిన్నడు. బువ్వ మాత్రం ఇడిసిపెట్టలే.

తెల్లారి సారు భార్య శేషారత్నమ్మగారు దేవానందంను పెరటి తలుపు కాడికి పిలిచిందంట. గేటు మీద ఎవలో రాయేసినంక ఆమె పిల్లలను బయటికి పంపుతలేదు. పెద్ద పిల్లకు జ్వరం గూడ ఒచ్చింది. ఆమె చిన్నగ చెప్పింది. బాబూ, దూరం వెళ్ళాల్సి వస్తే పిల్లలు కుదుపులకి తట్టుకోలేరు, రోడ్డు మీద మెత్తగా వెళ్ళేవే వేయించు, నేను చెప్పానని ఆయనతో అనకు. దేవానందం మంచిదమ్మా అన్నడు. ఎలీశమ్మకు గూడ మంచిదే అన్నడు. నాకు గూడ మంచిదే అన్నడు. ఆయన నోట్ల ఎప్పటికి అదే మాట. ఎవ్వలకు కాదనలే.

టైర్ల దుకానం చాదర్‌ఘాట్ దాటినంక ఉండె. తోడు రమ్మంటె నేను గూడ పోయిన. సగం షట్టరు దించి ఉన్నది, బందు గద. వంగి లోపటికి పోయినం. దుకానమాయన ముసలి భాయ్. కచ్చా రాస్తకా, పక్కా సడకుకా అని అడిగిండు. దేవానందం గీతల టైరు మీద చెయ్యి పెట్టిండు. తీసిండు. పండ్ల టైరు పండ్ల నడుమ ఏలు పెట్టి సూసిండు. మల్ల గీతల దాని కాడికి పోయిండు. నేను బయట పోలీసు లారీ పోతుంటె గాబరైతున్న. భాయ్ మల్ల అడిగిండు, మియా, యాడికి పోవాలె నువ్వు?

"అదే తెల్వది భాయ్."

భాయ్ నవ్వలే. గప్పటి దినాలు అట్లనే ఉండె, ఆయనకు గూడ తెల్వకపోవచ్చు. ఇగ దేవానందం, రెండు గవి, రెండు గివి అన్నడు. నేను పరేషాన్ అయిన. ఎడ్లబండికి ఒక దిక్కు ఎద్దు, ఒక దిక్కు దున్నపోతును కట్టినట్టు గాదా అన్న. భాయ్ కాదన్నడు. నాలుగు ఒక్కటే సైజు, కొందరు గట్లనే ఏస్తరు, గీతలయి ముంగట ఏస్తె స్టీరింగ్ మాట వింటది, పండ్లయి ఎన్క ఏస్తె గుంజుకొస్తది అన్నడు. అట్లనే బిగించి ఇచ్చిండు.

మూడు పాత టైర్లు ఎన్కల ఏసుకొని, ఇంకొకటి పంచరైతె ఏసేటందుకు స్టెపినీ లెక్క కట్టుకొని ఒచ్చినం. అసలు గడబిడ గప్పుడు మొదలయింది.

శేషారత్నమ్మగారు కిటికిలకెళ్లి జీపు ఇంటికొచ్చుడు సూసింది. ముంగట గీతలు కనవడ్డయి. ఆమె పెట్టెలు సదురుడు షురు జేసింది. గుట్ట కాడ మేము పొద్దుగాల దారి మీద అచ్చులు సూసినం. సక్కగ పోయే దారిల ఎన్క టైరు ముంగటి టైరు అచ్చును తొక్కేస్తది. ఎంత దూరం సూసినా పండ్ల అచ్చులే. సారు పోతలేడు అని చెప్పుకొని, కూలి కోసం చెర్వు పనుల దిక్కు పోదామనుకున్నోళ్లు గూడ ఆగిపోయిండ్రు. సారు మాత్రం జీపు సుట్టు ఒక్కసారి తిరిగి, ముంగట సూసి, ఎన్క సూసి, లోపటికి పోయిండంట. నాకనిపిస్తది, ఆయన గూడ టైర్లు సూసి తన సంగతి తెలుసుకుందామనుకున్నడేమో. దేవానందం ఆయనకు అది గూడ లేకుంట జేసిండు.

రెండు మూడు దినాలైనంక దేవానందం నాకు కబురు పంపిండు. రేపు పొద్దుగాల సడకులు ఇడిపోయే కాడ నిలవడు, పాత టైర్లు ఇస్త, చెప్పులకు ఏసిరా అని. గిప్పుడు ఎల్బీనగర్ అంటున్నరు గద, గా జాగ. గప్పుడు ఒక్క ఛాయ్ గుడిసె తప్ప ఏం లేకుండె. సక్కగ పోతె బెజవాడ, కుడికి మలిగితె సాగర్ సడకు, మా గుట్ట. ముత్తమ్మ, నేను పోయి నిలవడ్డం.

ఆడికి పోయి సూస్తె తీతు, ఇంకింతమంది పిల్లలు సడకుకు అడ్డం రాళ్లు పెట్టి టైరు కాలవెడ్తున్నరు. తుంపురు పడ్తుంటె మంట కన్న పొగనే ఎక్కువున్నది. జీపు ఒచ్చింది. ముంగట దేవానందం పక్కన సారు. ఎన్క శేషారత్నమ్మగారు, ఇద్దరు పిల్లలు. కాళ్ల కాడ ట్రంకు పెట్టెలు, పెట్టెల మీద మా పాత టైర్లు. గంత ఇరుకుల గూడ చెప్పుల టైర్లు మర్వలే గా మనిషి.

పిల్లలు ఆపిండ్రు. తీతు జీపు ముంగట నిలవడి టైర్ల దిక్కు సూసి, గీతలయిరా, బెజవాడకే పోతున్నరు, రాళ్లు జరుపుండ్రి అన్నడు. ఎన్క నిలవడ్డ ఇంకొక పిలగాడు, ఏం గీతలు, పండ్లున్నయి ఈడ, గుట్టకు పోతున్నరు, ఈళ్లు యాడికి పోరు అన్నడు. నీకు కండ్లు లేవా అంటె నీకు లేవా అనుకున్నరు. ఇగ తీతు ఎన్కకొచ్చిండు, గా పిలగాడు ముంగటికి పోయిండు. గిప్పుడు తీతు, అవురా పండ్లే అంటడు, వాడు, కాదన్న గీతలే అంటడు. ముత్తమ్మ నా భుజం మీద కొట్టి నవ్వు ఆపుకున్నది. జీపుల ఎవ్వలు నవ్వలే. శేషారత్నమ్మగారు పిల్లల తలకాయలు ఒళ్ల పెట్టుకొని కండ్లు మూసుకున్నది.

తీతు మల్ల ముంగటికొచ్చి బావ మొకం మీద మొకం పెట్టి అడిగిండు.

"బావా, పోతున్నరా, ఉంటున్నరా? ఒక్కటి చెప్పు."

దేవానందం సారు దిక్కు సూసిండు. ఎప్పటికి సూసినట్టె, ఎటు పోవాల్నో చెప్పుమని. సారు పొగ దిక్కు సూస్తున్నడు. నేను దగ్గరనే ఉన్న, ఆయన మొకం నాకు కనవడ్తున్నది. చెప్పొద్దని గాదు, ఆయన దగ్గర చెప్పేటందుకు ఏం లేదు. ఇగ దేవానందం గొంతు వినవడ్డది. అది ఆయన గొంతే అని నాకు ఎంటనే తెల్వలే.

"అమ్మను, పిల్లలను బెజవాడల దింపుత. దింపి మల్లొస్త."

"సారో?"

"అది సారు ఇష్టం. జీపు మాత్రం మల్లొస్తది. గుట్ట కాడ ముప్పై మందున్నరు. రాకుంటె ఎన్కల పండ్లెందుకు ఏపిస్త తీతూ?"

జీపు సారుది. సారు పక్కనే కూసున్నడు. ఆయన్ని అడగకుంట ఆయన జీపు యాడికి పోతదో, మల్ల ఏం జేస్తదో దేవానందం నడి సడకు మీద చెప్పిండు. సారు తలకాయ తిప్పి ఆయన దిక్కు సూసిండు. ఇగ జీపుల నుంచి దింపుతడు, నౌకరి పోయింది అనుకున్న. సారు కాదనలే, అవుననలే.

తీతు మంట దిక్కు సూసిండు. ఇగ, పాత టైర్లన్న ఇయ్యి, మంట ఆరిపోతున్నది అన్నడు. అవ్వి కాళ్లకు అన్నడు దేవానందం. నేను, ముత్తమ్మ పోయి దింపుకుంటుంటె పిల్లలు ఒకటి గుంజుకున్నరు. ముత్తమ్మ తీతును పట్టుకొని, నీ కాళ్లకున్న చెప్పులు యాడియిరా, గీ జీపువి గావా అన్నది. తీతు కిందికి సూసుకున్నడు. గా ఒక్క టైరు మాత్రం మంటల పడ్డది. ఆ ఏడు నాకు చెప్పులు రాలే, ఆ టైరు నా వంతుకు ఒచ్చేదంట. రాళ్లు జరిపిండ్రు. జీపు సక్కగ పోయింది.

గుట్ట మీద పని బందయింది. మల్లొస్త అన్నడు అని నేను అందరికి చెప్పిన. కొందరు నమ్మిండ్రు. కొందరు, దేవానందం గంత మాట అననే అనడు, నీకు వినవడ్డదంతే అన్నరు. ఎలీశమ్మ వదినె నన్ను పిలిచి గా మాట మల్ల మల్ల చెప్పిచ్చుకున్నది. ఎట్లన్నడు, గట్టిగనే అన్నడా అని అడిగింది. తీతు పక్కనే కూసొని, అవునక్కా, గట్టిగనే అన్నడు అన్నడు. వాడు బాధపడ్తున్నడో సంతోషపడ్తున్నడో వాని మొకం సూస్తె తెల్వలే.

ఓనాడు పగటి బువ్వ యాళ్లకు జీపు ఒచ్చింది. సారు లేడు. దేవానందం ఒక్కడే. పక్క సీట్ల ఒక గంప మామిడి పండ్లు, శేషారత్నమ్మగారు మాకియ్యమని పంపిందంట. మేము సుట్టుముట్టినం. సారు ఏమన్నడు అని అడిగినం.

"నువ్వు పో, నేనొస్తా అన్నడు."

ఎప్పుడొస్తడు అని ముత్తమ్మ అడిగింది. అడగలే అన్నడు. అడగొద్దా అయ్యా అన్నది ముత్తమ్మ.

"అడిగితె ఏం చెప్తడో అని అడగలే."

ఇగ గప్పటి సంది దినాం పొద్దుగాల జీపు ఒచ్చింది. నీళ్లు ఒచ్చినయి, ఉలులు ఒచ్చినయి. ఏ లారీకి ఏ రాయి, ఏ ప్లాటుకు ఎంత అని అడిగితె దేవానందం కొద్దిసేపు పక్కన ఎవలన్న ఉన్నరా అన్నట్టు సూస్తుండె. పక్క సీటు ఉట్టిదే ఉండె. ఇగ చెప్తుండె. తప్పులు గూడ చెప్పిండు. కొత్తపేటకు పోయే రాయి నాగోల్ పంపిండు ఓసారి. వాళ్లు దాంతోటే గోడ కట్టుకున్నరు.

దసర దాటినంక ఓ పొద్దుగాల పట్టాభి సారు నడుసుకుంట గుట్ట ఎక్కిండు. చెప్పులు చేతుల పట్టుకున్నడు, మోకాళ్ల దాక మట్టి. సడకులు ఇడిపోయే కాడ బస్సు దిగి అంత దూరం నడిసొచ్చిండు. దేవానందం దిగ్గున లేసి, కబురు పెడితె ఒస్తుంటి గద సార్ అన్నడు. సారు రాయి మీద కూసొని నీళ్లు తాగి అన్నడు.

"దారంతా పండ్ల అచ్చులు చూసుకుంటూ వచ్చానయ్యా. అవి లేకపోతే వెనక్కి వెళ్ళిపోదామనుకున్నా."

మేము పొద్దుగాల పొద్దుగాల సూసినట్టే ఆయన గూడ అచ్చులు సూసుకుంట ఒచ్చిండు. జీపు మల్లొస్తదని దేవానందం సడకు మీద చెప్పిన మాట ఆయన ఎన్నడు ఎత్తలే. శేషారత్నమ్మగారు, పిల్లలు ఎండకాలం పోయినంక ఒచ్చిండ్రు.

గా టైర్లు అరిగిపోయినంక మల్ల కొత్తయి ఏసే దినమొచ్చింది. సారు ఏం చెప్పలే, దేవానందం ఏం అడగలే. పోయి మల్ల రెండు గవి, రెండు గివి తెచ్చిండు. నేను ఆగలేక అడిగిన. అన్నా, మొదలుసారి దుకాన్ల నీకు అప్పుడే తోచిందా, అమ్మను దింపి మల్ల రావాలె అని? లేకుంటె పొగ కాడ తోచిందా?

దేవానందం కొత్త టైరు మీద చెయ్యి పెట్టిండు.

"తెల్వది జంగయ్యా. గా దినం భాయ్ రెండు తీర్లు ముంగట పెట్టిండు. నాకేం సమజ్ గాలే. చెయ్యి దేని మీద పడితె అది అన్న."

గిది నిజమా, ఊకె అన్నడా? నిజమైతె గా సడకు మీద అంత గట్టిగ ఎట్ల చెప్పిండు? గిప్పుడు ఎల్బీనగర్ కాడ బస్సు దిగినప్పుడల్ల నేను కిందికి సూస్త. అంత సిమెంటు, తారు, ఏ అచ్చు కనవడది. గప్పుడు మట్టి ఉండె. సక్కగ పోతె ఎన్క టైర్ల అచ్చులే కనవడ్తుండె. జీపు మలిగిన కాడ మాత్రం గీతలు, పండ్లు ఏరేరుగ పడి రెండు కనవడ్తుండె. పాస్టరుకు గిది చెప్తె ఏమనుకుంటుండెనో. ఎలీశమ్మ వదినెకైన చెప్పాలె. ఆమె మల్ల గదే అడుగుతది, గట్టిగనే అన్నడా అని. గట్టిగనే అన్నడు అని చెప్త.